బిగుసుకుపోయిన వెనక డ్రమ్ములు: ఒక పాత ఓమ్ని వ్యాను పని డైరీ

బండి పరిస్థితి

ఈ డైరీలోని బండి 2005 నాటి మారుతి ఓమ్ని. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది కానీ దాని శక్తి పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనక చక్రాలకు చేరుతుంది. వెనక ఇరుసు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే గట్టి గొట్టం, దాన్ని రెండు వైపులా కమాను కట్టలు మోస్తాయి, రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, అంటే చక్రంతో పాటు తిరిగే గిన్నె లాంటి డ్రమ్మును లోపలి నుంచి షూలు అనే వంపు పట్టీలు ఒత్తి ఆపే బ్రేకులు, ఉంటాయి. మా ఇల్లు చెన్నైలోని వేళచ్చేరిలో ఉంది. 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిగ్‌జాం తుపాను, బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు, మా నగరాన్ని ముంచెత్తినప్పుడు ఈ బండి వెనక ఇరుసు పూర్తిగా మునిగేలా నీళ్లలో నిలబడింది. నీళ్లు వచ్చే సమయానికి హ్యాండ్ బ్రేకు లాగి ఉంది, నీళ్లు పోయిన తరవాత కూడా చాలాకాలం అలాగే ఉండిపోయింది. ఇంజను పని ఆ మధ్య పూర్తయింది, చక్కగా స్టార్ట్ అవుతోంది, కానీ గేరు వేసి క్లచ్ వదిలితే బండి వెనక భాగం కిందికి కుంగి అక్కడే ఆగిపోతోంది.

సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తరవాత 5 ఏళ్ల చొప్పున పొడిగింపు. మా బండికి మొదటి పొడిగింపు గడువు కూడా ముగిసింది, మళ్లీ ఆర్టీవో కార్యాలయంలో చూపించాలంటే బ్రేకులు సరిగ్గా ఉండాలి. నాకు దానికంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఈ బండిలో మా అమ్మ, పిల్లలు, బంధువులు అందరూ కలిసి నెల్లూరు దాకా వెళ్లి వస్తుంటారు. నీళ్లలో మునిగిన డ్రమ్ము లోపల ఏం మిగిలిందో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు కాబట్టి, డ్రమ్ములు ఊడదీసి లోపలి భాగాలన్నీ కంటితో చూసేదాకా ఈ బండిని రోడ్డు మీదికి తీసుకురాకూడదని నిర్ణయించుకున్నాను.

శనివారం ఉదయం

పళ్లికరణైలో ఒక పెద్దాయన ఉన్నారు. సూళ్లూరుపేట నుంచి వచ్చి ఇక్కడే మెకానిక్కుగా స్థిరపడి ఇప్పుడు పని మానేశారు. డ్రమ్ములు బిగుసుకుపోయాయని, పెద్ద సుత్తి ఒకటి తెచ్చుకున్నానని ఆయనకు ఫోనులో చెప్పాను. "సుత్తి సంగతి తరవాత నాయనా, డ్రమ్ము చేత్తో తిరుగుతోందా లేదా, అది చెప్పు ముందు" అన్నారు. మిగతా పనంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది కాబట్టి దాన్ని కొంచెం వివరంగా రాస్తాను.

డ్రమ్ము ఊడి రాకపోవడానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని కారణాలు ఉంటాయి. మొదటిది నడుమ పట్టే తుప్పు. డ్రమ్ము మధ్యలోని గుండ్రటి రంధ్రం ఇరుసు చివరి హబ్ మీద చాలా తక్కువ సందుతో కూర్చుంటుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఆ సన్నని సందు నిండిపోయి, డ్రమ్ము హబ్‌కు అతికినట్టు అయిపోతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు ఈ పనిని ఇంకా తొందరగా చేస్తుంది. ఇలాంటి డ్రమ్ము ఇరుసుతో పాటు హాయిగా తిరుగుతుంది, బయటికి మాత్రం వెంట్రుక వాసి కూడా కదలదు. రెండోది అంచు గట్టు. బ్రేకు షూలు డ్రమ్ము లోపలి గోడను ఏళ్ల తరబడి అరగదీస్తాయి కానీ షూ తగలని లోపలి అంచు అరగకుండా మిగిలిపోతుంది. డ్రమ్మును లాగినప్పుడు షూలు ఆ గట్టుకు అడ్డం పడతాయి. అటువంటి డ్రమ్ము కొన్ని మిల్లీమీటర్లు బయటికి వచ్చి స్ప్రింగు మీద నొక్కినట్టు వెనక్కి వెళ్తుంది. మూడోది షూలే డ్రమ్మును పట్టుకుని ఉండటం. హ్యాండ్ బ్రేకు కేబుల్ తన తొడుగులో తుప్పు పట్టి వెనక్కి రాకపోయినా, బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో షూలను నెట్టే వీల్ సిలిండర్‌లో పిస్టను ఇరుక్కుపోయినా, షూ మీది రాపిడి పొర (లైనింగు) డ్రమ్ముకే అంటుకుపోయినా ఇది జరుగుతుంది, అప్పుడు డ్రమ్ము అసలు తిరగదు. మొదటి కారణానికి పనికొచ్చే సుత్తి రెండో కారణం ఉన్నచోట షూలను, స్ప్రింగులను వంచేస్తుంది. మూడో కారణం ఉన్నచోట తుప్పు విడదీసే స్ప్రే ఎంత చల్లినా హబ్ దగ్గర చేసిన శ్రమంతా వృథా. అందుకే ఏ చక్రానికి ఏ జబ్బు ఉందో తేలేదాకా ఏ పనిముట్టూ ముట్టుకోదలచలేదు.

బండిని ఎత్తడం

ఈ బండిని ఎత్తేవాళ్లు ఒక విషయం తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. ఇంజను వెనక చక్రాలనే తిప్పుతుంది, హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది, కాబట్టి వెనక భాగం నేల మీది నుంచి లేచిన మరుక్షణం గేరు గానీ హ్యాండ్ బ్రేకు గానీ బండిని ఆపలేవు. అప్పుడు బండిని నిలిపి ఉంచేవి ముందు చక్రాల కింద పెట్టిన దిమ్మలు మాత్రమే. నేను రెండు ముందు చక్రాలకూ ముందూ వెనకా గట్టి చెక్క దిమ్మలు బిగించి కొట్టాను. చక్రాల నట్లను బండి నేల మీద ఉన్నప్పుడే 19 నంబరు పానాతో కొంచెం వదులు చేసి, ఆ తరవాత జాకీ పెట్టి ఎత్తి, ఇరుసు గొట్టం కింద కమాను కట్టల పక్కనే రెండు స్టాండ్లు పెట్టాను. మా పెరట్లో ఇసుక మీద పలచగా సిమెంటు పోశారు, అందుకని స్టాండ్ల కింద మందపాటి పలకలు వేశాను. ఆ తరవాత బండిని రెండు చేతులతో గట్టిగా ఊపి చూశాను. స్టాండ్ల మీద ఉన్నప్పుడు కదలాల్సిన బండి అయితే నేను దాని పక్కన కూర్చోకముందే కదలాలి.

గేరు న్యూట్రల్‌లో ఉండటం కూడా ముఖ్యం. ఒక చక్రం బిగుసుకుని రెండోది స్వేచ్ఛగా ఉన్నప్పుడు, స్వేచ్ఛగా ఉన్నదాన్ని తిప్పితే డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల అమరిక) ద్వారా ప్రొపెల్లర్ షాఫ్టు తిరగాలి. గేరు పడి ఉంటే ఆ షాఫ్టు తిరగదు, అప్పుడు ఏ తప్పూ లేని చక్రం కూడా బిగుసుకున్నట్టే కనిపిస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి తిప్పి చూస్తే సంగతి తేలింది. ఎడమ డ్రమ్ము తిరుగుతోంది, లోపల గరగరమని చప్పుడు కూడా వస్తోంది, బయటికి మాత్రం రావడం లేదు. కుడి డ్రమ్ము రాయిలా ఉంది. ఒకే ఇరుసు, ఒకే వరద, అయినా రెండు వైపులా రెండు వేరువేరు పనులు.

ఎడమ డ్రమ్ము

చక్రం తీశాక హబ్ చుట్టూ ఎర్రటి తుప్పు గట్టిపడి వలయంగా కనిపించింది. వైరు బ్రష్షుతో దాన్ని లోహం మెరిసేదాకా గోకాను. తుప్పు విడదీసే స్ప్రే ఏదైనా పైపొరను తొలగించాకే లోపలి సందులోకి దిగుతుంది. హబ్ చుట్టూ, చక్రం నట్లు ఎక్కే నాలుగు స్టడ్ల మొదళ్ల దగ్గర కొద్దికొద్దిగా చల్లాను. ఇక్కడ చేతికి పొదుపు ఉండాలి, ఎందుకంటే ఆ నూనె డ్రమ్ము లోపలికి కారి లైనింగును తడిపితే ఆ లైనింగు ఇక పనికిరాదు, ఎంత కడిగినా వేడెక్కినప్పుడు నూనె మళ్లీ పైకి ఊరుతుంది. షూలు ఎలాగూ మార్చేవే అయినా ఆ అలవాటు మానకూడదని కొంచెమే వాడాను.

డ్రమ్ము ముఖం మీద, స్టడ్ల మధ్యలో, రెండు చిన్న మర రంధ్రాలు ఉన్నాయి. చాలామంది వీటిని గమనించరు. 8 మి.మీ. బోల్టులు ఆ రంధ్రాల్లో బిగిస్తే వాటి మొనలు వెనక ఉన్న ఇరుసు అంచును నెట్టి, డ్రమ్మును తిన్నగా బయటికి తోస్తాయి. తయారు చేసినవాళ్లు ఈ పని కోసమే పెట్టిన దారి ఇది. ఒక రంధ్రం శుభ్రంగా ఉంది, రెండో దాంట్లో తుప్పు, ఎండిన వరద బురద గట్టిపడి ఉన్నాయి. బోల్టును బలవంతంగా దూర్చితే మర చెడిపోతుంది, పోత ఇనుములో మర ఒకసారి చెడితే తిరిగి బాగుపడటం కష్టం. మరలు కోసే పనిముట్టు అయిన 8 మి.మీ. ట్యాపుకు నూనె రాసి అర చుట్టు ముందుకూ పావు చుట్టు వెనక్కూ తిప్పుతూ ఓపికగా మరలు శుభ్రం చేశాను. బోల్టులు కూడా తల దాకా మర ఉన్నవి, తల మీద 8.8 అని (గట్టి ఉక్కుకు గుర్తు) అచ్చున్నవి ఎంచుకున్నాను. మామూలు మెత్తటి బోల్టు రంధ్రంలోనే మెలితిరిగి విరిగితే అది కొత్త సమస్య అవుతుంది.

రెండు బోల్టులనూ మార్చి మార్చి పావు చుట్టు చొప్పున బిగించాను. ఒకదాన్నే బిగిస్తే డ్రమ్ము వంకరగా కదిలి హబ్ మీద ఇంకా గట్టిగా ఇరుక్కుంటుంది. రెండూ బాగా బిగిసి ఇక చేతికి ఎదురు తిరిగాక ఆపేశాను. పోత ఇనుము వంగదు, పగులుతుంది. ఆ బిగింపు మీద ఉండగానే ఇత్తడి కడ్డీ ఒకటి డ్రమ్ము ముఖం మీద స్టడ్ల మధ్య పెట్టి సుత్తితో కొట్టాను. కొట్టాల్సిన చోటు అదే, అక్కడ లోహం మందంగా ఉంటుంది, దెబ్బ నేరుగా హబ్ సందుకు చేరుతుంది. డ్రమ్ము బయటి అంచు మీద కొట్టే అలవాటు చాలా షెడ్లలో చూశాను. దానివల్ల అంచు పెచ్చులూడుతుంది, గుండ్రదనం పోతుంది, ఆ తరవాత బ్రేకు తొక్కినప్పుడల్లా పెడలు కాలి కింద వణుకుతుంది. సాయంత్రం దాకా కదలిక లేదు. బోల్టుల ఒత్తిడి అలాగే ఉంచి, మరికొంత స్ప్రే చల్లి, ఆ రోజుకు పని ముగించాను.

వేడి చేద్దామా అన్న ఆలోచన వచ్చింది. హబ్ చుట్టూ డ్రమ్మును వేడి చేస్తే రంధ్రం వ్యాకోచించి పట్టు వదులుతుందన్న మాట నిజమే. కానీ అక్కడికి దగ్గర్లోనే ఇరుసు ఆయిల్ సీలు, వీల్ సిలిండర్ రబ్బర్లు ఉంటాయి, అప్పుడే చల్లిన స్ప్రే మండుతుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడిన చోట మంట పెడితే ఫాస్జీన్ అనే విష వాయువు పుట్టవచ్చు. ఇంటి పెరట్లో, పిల్లలు తిరిగే చోట, మంటను చివరి మార్గంగా కూడా పెట్టుకోదలచలేదు.

ఆదివారం

ఉదయం బోల్టులను ఇంకో పావు చుట్టు తిప్పి ఇత్తడి కడ్డీ మీద కొట్టినప్పుడు చప్పుడు మారింది. అంతదాకా మందంగా పలికిన డ్రమ్ము కంగుమని మోగింది, హబ్ చుట్టూ సన్నటి నల్లని గీత కనిపించింది. ఆ తరవాత బోల్టులు తిరిగినకొద్దీ డ్రమ్ము సమంగా బయటికి నడిచి చేతుల్లోకి వచ్చింది. ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

లోపల ఎర్రటి, నల్లటి పొడి దట్టంగా ఉంది. ఈ పొడిని గాలి పెట్టి ఊదకూడదు, పొడి బ్రష్షుతో దులపకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, దాని సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఏళ్ల తరవాత ప్రాణం మీదికి తెచ్చే జబ్బులు వస్తాయి. మాస్కు పెట్టుకుని, సబ్బు నీళ్లు చిలకరించి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డలను సంచిలో మూట కట్టాను. షెడ్లలో చిన్న పిల్లలు కంప్రెసర్ గొట్టంతో డ్రమ్ములు ఊదడం చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

షూ కింది అంచు తడిగా ఉంది. ఇది ఇరుసు నూనె అయితే సీలు మార్చడానికి ఇరుసు షాఫ్టే బయటికి లాగాలి, బ్రేక్ ఆయిల్ అయితే వీల్ సిలిండర్‌తో పోతుంది. ఇరుసులో ఉండే గేరు నూనె చిక్కగా ఉండి గంధకం వాసన కొడుతుంది. ఇది పలచగా ఉంది, ఆ వాసన లేదు. వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తగానే లోపల నిలిచిన బ్రేక్ ఆయిల్ కారింది, దాంతో అనుమానం తీరింది. డ్రమ్ము అంచు గట్టు వేలికి తగిలింది కానీ షూలు బాగా అరిగి ఉండటం వల్ల అడ్డం పడలేదు.

కుడి డ్రమ్ము

అసలు పని ఇక్కడ ఉంది. బండి లోపల హ్యాండ్ బ్రేకు లీవరు పూర్తిగా దించి ఉన్నా, బ్యాక్ ప్లేటు (షూలను మోస్తూ డ్రమ్ము వెనక కదలకుండా ఉండే పళ్లెం) వెనక కేబుల్ బిగువుగానే ఉంది. కేబుల్ సర్దుబాటు నట్టును చివరిదాకా వదులు చేసి, కేబుల్ కొసను విడదీశాను. తీగ తన తొడుగులో ఒక్క మిల్లీమీటరు కూడా జరగలేదు. కేబుల్ పాడైపోయిందని తేలింది కానీ దాన్ని విడదీశాక కూడా డ్రమ్ము తిరగలేదు. తరవాత నూనె ఒత్తిడి ఏదైనా షూలను నెట్టి పట్టిందేమో చూడటానికి వీల్ సిలిండర్ నిపుల్ (నూనె, గాలి బయటికి వదిలే చిన్న మర) వదులు చేశాను. ముందు రోజే దాని మీద స్ప్రే చల్లి పెట్టాను కాబట్టి విరగకుండా తిరిగింది. కాఫీ రంగులో కొన్ని చుక్కలు వచ్చాయి, డ్రమ్ములో మార్పు లేదు. కేబుల్ కాదు, నూనె ఒత్తిడి కాదు, మిగిలింది లైనింగు డ్రమ్ముకు అంటుకుపోవడమే. హ్యాండ్ బ్రేకు లాగి ఉన్న స్థితిలో తడి లైనింగు పోత ఇనుము గోడకు అదిమి నెలల తరబడి ఉంటే జరిగేది ఇదే.

పెద్దాయనకు మళ్లీ ఫోను చేశాను. "అయితే లాగొద్దు నాయనా, తిప్పు. అంటుకున్నది తిప్పితే ఊడుతుంది" అన్నారు. చక్రం నట్లు రెండు స్టడ్లకు వెనక్కి తిప్పి బిగించి, మరలకు దెబ్బ తగలకుండా చూసుకుని, వాటి మధ్య పొడవాటి ఇనుప కమ్మీ పెట్టి అటూ ఇటూ ఊపాను. మా పక్కింటి అబ్బాయి అదే సమయంలో చెక్క సుత్తితో డ్రమ్ము గుండ్రటి గోడ మీద చుట్టూ మెల్లగా తడుతూ వచ్చాడు. ఇక్కడ ఇనుప సుత్తి పనికిరాదు, కావాల్సింది అదురు మాత్రమే. కొంతసేపటికి టప్పుమని శబ్దం వచ్చి డ్రమ్ము కదిలింది. పూర్తి చుట్టు తిరిగింది కానీ లోపల ఏదో విరిగిన ముక్క రాసుకుంటున్నట్టు గీరుకుంది. డ్రమ్మును లైనింగు వదల్లేదు, షూనే లైనింగు వదిలేసింది. లోహపు షూకూ అతికించిన లైనింగుకూ మధ్య తుప్పు దూరి పొరను లేపేసింది.

ఇక 8 మి.మీ. బోల్టులు బిగించడం మొదలుపెడితే, హబ్ దగ్గర పట్టు ఎడమ వైపంత లేదు, డ్రమ్ము సులభంగానే కొంత దూరం వచ్చి ఆగిపోయింది. ఈ ఆగడం వేరు. తుప్పు పట్టు అయితే కదలదు, ఇది నొక్కితే వెనక్కి వెళ్లి వదిలితే తిరిగి వస్తోంది. షూలు అంచు గట్టుకు అడ్డం పడ్డాయి, ఊడిన లైనింగు ముక్క సందులో ఉండటం వల్ల అవి లోపలికి ముడుచుకోవడానికి చోటు కూడా లేదు. బోల్టులు ఇంకా బిగిస్తే డ్రమ్ము రావచ్చు, కానీ బ్యాక్ ప్లేటు వంగిపోతుంది. షూల కంటే, డ్రమ్ము కంటే కాపాడుకోవాల్సింది బ్యాక్ ప్లేటునే, ఎందుకంటే అది మార్చాలంటే ఇరుసు షాఫ్టు లాగాల్సి వస్తుంది.

షూలకూ డ్రమ్ముకూ మధ్య సందును సరిచేసే సర్దుబాటు యంత్రాంగాన్ని వెనక్కి తిప్పి షూలను లోపలికి ముడవడం ఇలాంటప్పుడు మొదటి మార్గం. బ్యాక్ ప్లేటు రబ్బరు మూత తీసి టార్చి వేసి చూస్తే లోపల అంతా ఒకే ఎర్రటి ముద్దగా ఉంది, స్క్రూడ్రైవరుతో తోస్తే ఏదీ జరగలేదు. అందుకని రెండో మార్గం పట్టాను. ఒక్కొక్క షూను బ్యాక్ ప్లేటుకు అదిమి ఉంచేది ఒక సన్నటి పిన్ను, దాని తల ప్లేటు వెనక వైపు బయటికి కనిపిస్తుంది. ఆ తలలను కోసేస్తే షూలకు ప్లేటుతో ఉన్న పట్టు పోయి, అవి డ్రమ్ముతో పాటే బయటికి వస్తాయి. పిన్నులు చవక వస్తువులు, కొత్తవి స్ప్రింగుల కిట్టుతో వస్తాయి. గ్రైండరు వాడితే క్షణంలో అయిపోయే పని ఇది, కానీ పెట్రోలు బండి కింద, నూనె కారిన చోట నిప్పురవ్వలు రేపడం నాకు ఇష్టం లేదు. పదునైన ఉలితో, పడుకుని, మెల్లగా రెండు తలలూ తెగ్గొట్టాను. తరవాత బోల్టులు మార్చి మార్చి తిప్పుతుంటే డ్రమ్ము, షూలు, స్ప్రింగులు అన్నీ ఒకే మూటలా బయటికి వచ్చాయి.

లోపల దృశ్యం బాధ కలిగించింది. లైనింగు ఒక వైపు మొత్తం డ్రమ్ము గోడకు అంటుకుని ఉంది. వీల్ సిలిండర్‌లో ఒక పిస్టను కదులుతోంది, రెండోది గోడకు పట్టేసింది. ఈ చక్రానికి బ్రేకు వరదకు ముందు నుంచే సగమే పని చేసి ఉండాలి. ఇంతకాలం బండిలో కూర్చున్నవాళ్లను తలచుకుంటే ఈ పని పెట్టుకోవడం ఎంత అవసరమో అర్థమైంది.

సామాను, లేత్

జనరల్ ప్యాటర్స్ రోడ్డులో షూల సెట్టు, వీల్ సిలిండర్లు, స్ప్రింగుల కిట్టు, కుడి హ్యాండ్ బ్రేకు కేబుల్ దొరికాయి. పుదుపేటలో పాత డ్రమ్ములు చాలా చవకగా వస్తాయి, బాడీ సామానుకు నేను కూడా అక్కడికే వెళ్తాను. కానీ ఇంకొకరి బండిలో ఎంత అరిగిందో తెలియని బ్రేకు భాగాన్ని కొనకూడదన్నది నా అభిప్రాయం. బ్రేకు లైనింగులు తయారు చేసే కర్మాగారాలు పాడి, అంబత్తూరుల్లోనే ఉన్న నగరం ఇది, కొత్త సరుకుకు కొరత లేదు.

డ్రమ్ములు రెండూ లేత్ దగ్గరికి తీసుకెళ్లాను. అరుగుదల ఎంత దాకా ఒప్పుకోవచ్చో ఆ గరిష్ఠ వ్యాసం డ్రమ్ము మీదే అచ్చు పోసి ఉంటుంది, తుప్పు గోకితే కనిపిస్తుంది. లేత్ మేస్త్రీ లోపలి కొలత తీసి, ఎడమ డ్రమ్ము సన్నగా పట్టిస్తే సరిపోతుందని, కుడి దాంట్లో తుప్పు తిన్న గుంటలు పోయేదాకా పట్టిస్తే హద్దు దాటుతుందని చెప్పాడు. "ఎడమది ఉంచుకుని కుడిది మాత్రం కొత్తది వేసుకోండి సార్, డబ్బు మిగులుతుంది" అన్నాడు. ఒకే ఇరుసు మీద రెండు డ్రమ్ముల వ్యాసాలు తేడాగా ఉంటే కొత్త షూలు ఒకవైపు బాగా అమరి, రెండో వైపు నడుమ మాత్రమే తగులుతాయి. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు ఒక వెనక చక్రం ముందుగా ఆగిపోయి బండి తోక తిరగడానికి అది చాలు. రెండూ కొత్తవే వేశాను.

తిరిగి బిగించడం

కుడి వీల్ సిలిండర్‌కు వచ్చే ఇనుప పైపు నట్టు తుప్పు వల్ల పైపుకే అతుక్కుని, నట్టు తిప్పితే పైపు కూడా మెలి తిరగడం మొదలైంది. మెలి పడిన పైపు ఎప్పుడైనా పగలవచ్చు కాబట్టి దాన్ని తీసేసి కొత్త పైపు చేయించాను. బ్యాక్ ప్లేటు మీద షూలు రాసుకునే ఉబ్బెత్తు చోట్లు శుభ్రం చేసి, వేడికి కరగని గ్రీజు అక్కడ మాత్రమే పలచగా పూశాను. హ్యాండ్ బ్రేకు లీవరు ఉన్న షూ వెనక వైపుకు రావాలి. ఒక వైపు బిగిస్తున్నప్పుడు రెండో వైపును విప్పకుండా ఉంచుకుంటే ఏ స్ప్రింగు ఎటు పోతుందో చూసుకోవచ్చని అంటారు. నాకు ఆ వీలు లేకపోయింది, కానీ ఎడమ డ్రమ్ము తీసిన వెంటనే ఫోనులో తీసిన ఫోటోలు ఆ పని చేశాయి.

హబ్‌ను ఎమరీ కాగితంతో నున్నగా రుద్ది, డ్రమ్ము కూర్చునే అంచు మీద రాగి గ్రీజు వేలితో పూసినంత పలచగా రాశాను. ఎక్కువ రాస్తే వేడికి లోపలికి జారుతుంది. కొత్త డ్రమ్ముల లోపలి గోడకు తుప్పు పట్టకుండా నూనె పొర ఉంటుంది, దాన్ని పూర్తిగా తుడిచి ఎక్కించాను. రెండూ చేత్తోనే లోపలికి జారాయి, చేత్తోనే బయటికి వచ్చాయి, మళ్లీ ఎక్కించాను.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. వరద చూసిన బండిలో పాత నూనె ఉంచే ప్రశ్నే లేదు. పూర్తిగా తీసేసి, పెడలు తొక్కితే నూనెను నెట్టే మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, ఒక్కొక్క చక్రానికి నిపుల్ దగ్గర బుడగలు ఆగేదాకా గాలి తీశాం. పక్కింటి అబ్బాయి పెడలు తొక్కి "పట్టాను అన్నా" అన్నప్పుడు మాత్రమే నేను నిపుల్ తెరిచాను. షూలు డ్రమ్ముకు సర్దుకునేదాకా పెడలు తొక్కి, ఆ తరవాతే హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగువు సరిచేశాను. ముందే కేబుల్ బిగిస్తే షూలు కొద్దిగా తెరుచుకునే ఉండి డ్రమ్ము వేడెక్కుతుంది.

రోడ్డు మీద

తెల్లవారుజామున ట్రాఫిక్ లేని వీధిలో మొదట నడక వేగంతో, తరవాత కొంచెం ఎక్కువ వేగంతో బ్రేకు తొక్కి చూశాను. బండి ఒక పక్కకు లాగలేదు, పెడలు గట్టిగా ఉంది. వేళచ్చేరి మెయిన్ రోడ్డు మీద కొంత దూరం తిరిగి వచ్చాక రెండు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను, వేడి రెండు వైపులా సమానంగా ఉంది. ఒకవైపు ఎక్కువగా ఉంటే కేబుల్ గానీ సర్దుబాటు గానీ ఇంకా పట్టుకుని ఉన్నట్టు. చక్రం నట్లు చల్లారాక మళ్లీ బిగించాను.

ఇకనుంచి బండిని వారాల తరబడి ఆపాల్సి వచ్చినప్పుడు హ్యాండ్ బ్రేకు లాగకుండా, గేరులో ఉంచి చక్రాలకు దిమ్మలు పెడుతున్నాను. వానాకాలం ముగిశాక రెండు డ్రమ్ములనూ ఒకసారి తీసి హబ్ అంచు తుడిచి మళ్లీ ఎక్కించాలని ఈ డైరీ చివరి పేజీలో రాసి పెట్టుకున్నాను. వచ్చే ఆదివారం ముందు చక్రాల బ్రేకులు విప్పుతాను. వాటి రబ్బరు గొట్టాలు కూడా ఆ వరద నీళ్లలోనే మునిగాయి.